అసల్ ఎగ్గొట్టి కొసరు పెడితే ఎహ్సాన్ అవుతుందా?

ఈ మధ్య మన తిజారతీ భాయిలకు కొత్త వజీఫా ఒకటి దొరికింది. దాని పేరు కస్టమర్ డిలైట్. ఫంక్షన్ హాల్లో ప్రొజెక్టర్ పెడతారు. కోటు వేసుకున్న సాహెబ్ ఒకరు వచ్చి, గాహక్ అడిగింది ఇవ్వడం పాత తరీఖా, అడగంది ఇచ్చి అతన్ని హైరాన్ చేయడం కొత్త తరీఖా అని చెప్పి వెళతారు. మొదట తిలావత్, మధ్యలో రెండు హదీసులు, చివర్లో చికెన్ బిర్యానీ. అఖ్బార్ పనిలో భాగంగా ఇలాంటి జల్సాలు అయిదారు చూశాను. ప్రతిసారీ బయటికి వచ్చేటప్పుడు ఒకే సవాల్ గొంతులో ఉండిపోయింది. అడగంది ఇవ్వడం సరే జనాబ్, అడిగింది ఇస్తున్నామా?

నేను కొసరుకు ఖిలాఫ్ కాదు. కొసరు తిని పెరిగినవాణ్ణే. కర్నూలు పాతబస్తీలో మా గల్లీ చివర కూరగాయలమ్మే పెద్దమ్మ అరకిలో టమాటా తూచి, ముల్లు నిలిచాక, రెండు పచ్చిమిరపకాయలు, ఒక కొత్తిమీర రెమ్మ సంచిలో వేసేది. పూలమ్మ మూర కొలిచి పైన బెత్తెడు వదిలేది. పాలవాడు లోటా నింపి పోశాక ఒక చిన్న ధార అదనం. ఈద్‌కు గాజులు తొడిగే ఖాలా డజను మీద ఒకటి ఎక్కువ ఎక్కించి, ఇది పగిలిపోయేదాని హిస్సా అనేది. ఈ నలుగురికీ ఏ సాహెబూ ప్రొజెక్టర్ మీద ఏమీ చూపించలేదు.

వాళ్లందరి దగ్గరా ఎవరూ రాసిపెట్టని ఉసూల్ ఒకటి ఉండేది. కొసరు తూకంలోకి రాదు, తూకం అయ్యాకే వస్తుంది. పెద్దమ్మ ముల్లు నిలవకముందు కొత్తిమీరను ముట్టుకునేది కాదు. ఆ కొత్తిమీరను ముందే తక్కెడలో పడేసి, దాంతో కలిపి అరకిలో చూపిస్తే అది కొసరు కాదు, చోరీ.

తెలుగు డిగ్రీ చదివే రోజుల్లో నాకు బాగా నచ్చిన జంట మాటలివి, అసలు, కొసరు. అసలు మన అసల్ నుంచి వచ్చింది, అరబీ మాట. తెలుగువాళ్లు దాన్ని ఎంత సొంతం చేసుకున్నారంటే అది లేకుండా అసలు మాట్లాడలేరు. కొసరేమో అచ్చ తెలుగు. అసల్ మాది, కొసరు మీది అని హాస్టల్లో దోస్తులతో మజాక్ చేసేవాణ్ణి. ఇప్పుడు మన బజార్లు చూస్తుంటే ఆ మజాక్ చేదుగా ఉంది. అసల్ మాయమైపోయి కొసరు ఒక్కటే కనబడుతోంది.

జుమా పొద్దున గోష్త్ దుకాణానికి వెళ్లి భాయి చేతివాటం చూడండి. చర్బీ, ఛిఛ్‌డా, ఎముక అడుగుకు పోతాయి, ఎర్రటి గోష్త్ పైకి వస్తుంది. కాటా మీద సరిగ్గా కిలో. ఆ తర్వాత సలాం చేసి, నవ్వి, చిన్న కలేజీ ముక్క కోసి పైన వేస్తాడు. "ఆప్ కే లియే, భాయ్!" ఇదీ డిలైట్. ఇంటికొచ్చి కడిగితే మా బేగం పక్కన తీసిపెట్టిన చర్బీ పావుకిలో దగ్గరకొచ్చింది. కలేజీ ముక్క యాభై గ్రాములుంటుందేమో. నవ్వుకు మేం కట్టిన ఖరీదు రెండొందల గ్రాములు. అయినా వచ్చే వారం మళ్లీ అక్కడికే వెళతాం. కలేజీ పెట్టాడు కదా, మంచోడు!

మదీనా బజారులో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ధాన్యం కుప్పలో చేయి పెట్టి చూసిన వాకియా మనందరికీ తెలిసిందే. పైన పొడి, లోపల తడి. వాన పడిందండీ అన్నాడు వ్యాపారి. మరి తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన పెట్టలేదేం అని అడిగారు. ధోకా ఇచ్చేవాడికీ తనకూ సంబంధం లేదన్నారు. ఆ వ్యాపారి బయటి నుంచి గింజలు తెచ్చి కల్తీ చేయలేదు, తూకమూ తగ్గించలేదు. ఉన్న సరుకులోనే మంచిది పైకి, చెడ్డది కిందికి సర్దాడు, అంతే. మన గోష్త్ భాయి చేసిందీ అదే. పైన అలంకారంగా కలేజీ కూడా పెట్టాడు.

తూకంలో కోత పెట్టేవాళ్ల మీద ఖురాన్‌లో ఒక పూర్తి సూరె ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. ఆ పేరుకు మూలం అరబీలో 'తఫీఫ్', అంటే అల్పమైనది, లెక్కలోకి రానిది. బ్యాంకు దోచినవాళ్ల గురించి కాదు, చిటికెడు తగ్గించినవాళ్ల గురించి ఆ మాట. స్వీటు దుకాణంలో అట్టపెట్టెతో కలిపి మిఠాయి తూచేవాళ్లను తలచుకోండి. పెట్టె బరువును సరుకు బరువులో కలపడం మన దేశ చట్టం ప్రకారం కూడా తప్పే. అలా తూచి, డబ్బా మీద గులాబీ రిబ్బన్ ఉచితంగా కట్టి ఇస్తారు!

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి, ఉమ్రా ప్యాకేజీలు.

మన ఇళ్లల్లో ఉమ్రా డబ్బు ఎలా జమ అవుతుందో చెప్పనక్కర్లేదు. చీటీలు, కుట్టుమిషన్ మీద వచ్చింది, కొడుకు దుబాయ్ నుంచి పంపింది, అమ్మిన జుంకీలు. ఆ డబ్బు పట్టుకుని ఏజెంటు దగ్గరికి వెళితే ముందు కనబడేది గిఫ్టులు. బ్యాగు, ఇహ్రాం, తస్బీ, దువాల కితాబు, గొడుగు. వెళ్లే ముందు దావత్, మెడలో పూలదండ, గ్రూప్ ఫోటో. మరి హోటల్ ఎక్కడ అంటే "హరమ్‌కు దగ్గరే". ఎంత దగ్గర? "వాకింగ్ డిస్టెన్స్ అమ్మీ". నడవగలిగినవాడికి చార్మినార్ నుంచి గోల్కొండ కూడా వాకింగ్ డిస్టెన్సే.

మా ఫుఫ్పు గారికి మోకాళ్ల నొప్పులు. ఏజెంటుకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాం, రెండుసార్లూ బేఫికర్ రహో అన్నాడు. అక్కడికి వెళ్లాక తెలిసింది హరమ్‌కు బస్సులో పోవాలని. ఆ బస్సు కోసం గంటసేపు నిలబడాలి. గదిలో నలుగురన్నారు, ఆరుగురున్నారు. పదిహేను రోజుల్లో ఆమె ఫజర్‌కు హరమ్‌లో ఉన్నది నాలుగే రోజులు. మిగతా రోజులు హోటల్ గదిలో మంచాల మధ్య ముసల్లా పరుచుకుని చదువుకున్నారు. జీవితమంతా కళ్లు మూసుకుంటే కనబడిన కాబా బస్సు దూరంలో ఉండి కూడా అందలేదు.

వాళ్లు తిరిగొచ్చిన మర్నాడు ఏజెంటు ఇంటికొచ్చాడు. చేతిలో అజ్వా ఖజూర్ డబ్బా. వంగి సలాం చేసి, అమ్మీ, నాకోసం దువా చేశారా అన్నాడు. ఫుఫ్పు కళ్ల నీళ్లు పెట్టుకుని అతని తల నిమిరారు. నేను నోరు తెరవబోతే కనుసైగతో ఆపారు. ఇంటికొచ్చినవాణ్ణి ఏమంటాం? ఆ ఖజూర్ చేసే పనే అది, నోరు మూయించడం. మొదట చెప్పిన హోటల్ ఇచ్చి ఉంటే అతను డబ్బా మోసుకొచ్చే అవసరమే లేదు. అతని ఎదురింట్లో ఉన్నా నాలుగో కంటికి తెలియకుండా దువా దొరికేది.

టైలర్ల సంగతి పొడవుగా చెప్పను. చాంద్ రాత్ పూట షట్టర్ ముందు నిలబడ్డ పిల్లల ముఖాలు మీరూ చూశారు. యాభై జోళ్లు కుట్టే చేయి నూట యాభై జోళ్లకు రసీదు రాస్తుంది. ఆలస్యానికి మాఫీగా పిల్లాడికి టోపీ ఫ్రీ. బనీ ఇస్రాయీల్ సూరెలో 34వ ఆయత్ వాదా నిలబెట్టుకోమంటుంది, దాని గురించి పూఛ్‌తాఛ్ ఉంటుందంటుంది. 35వ ఆయత్ పూర్తిగా కొలిచి ఇమ్మంటుంది. వాదా, తూకం, రెండూ పక్కపక్కనే. తారీఖు తప్పడం కూడా తూకం తగ్గించడమే అని నాకు అర్థమైంది ఆ వరస చూశాకే.

ఎహ్సాన్ అనే మాటనే తీసుకోండి. చాలా మసీదుల్లో జుమా రెండో ఖుత్బా చివర ఇమామ్ సాహెబ్ చదివే ఆయత్ ఒకటుంది, సూరె అన్‌నహ్ల్ 90వది. అందులో అల్లా ఆదేశించిన వాటిలో మొదటిది అద్ల్, రెండోది ఎహ్సాన్. అద్ల్ అంటే ఎవరి హక్ వాళ్లకివ్వడం. ఎహ్సాన్ అంటే ఆ హక్ ఇచ్చేశాక ఇంకా అందంగా, ఇంకా ఎక్కువగా చేయడం. వరసే మార్చకూడనిది. మన బోల్‌చాల్‌లో మాత్రం ఎహ్సాన్ అర్థం మారిపోయి, ఎవరికో చేసిన మేలు, తర్వాత జతాయించుకోవడానికి పనికొచ్చేది అయి కూర్చుంది. డిలైట్ సాహెబులు నేర్పుతున్నది ఈ రెండో అర్థం. మొదటిది నేర్పాలంటే అద్ల్ దగ్గర మొదలుపెట్టాలి. ఆ సబక్‌కు ఫంక్షన్ హాలు నిండదు.

దీన్ మాటలు వద్దు, బిజినెస్ మాటలు చెప్పు అంటారా? చెబుతాను. ఈ డిలైట్ సిద్ధాంతానికి మూలాల్లో ఒకటి జపాన్‌కు చెందిన నోరియాకి కానో 1984లో ఇచ్చిన నమూనా. గాహక్ కోరికలు ఒకే రకంవి కావంటాడాయన. కొన్ని తప్పనిసరి. అవి ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం క్షమించరు. కొన్ని ఎంత ఎక్కువైతే అంత సంతోషం. కొన్ని అనుకోకుండా దొరికి ఖుష్ చేస్తాయి. ప్రొజెక్టర్ మీద చూపించేది ఈ మూడో రకాన్నే. మొదటి రకం లేనప్పుడు మూడో రకం దాన్ని పూడ్చలేదన్న సంగతి చెప్పరు. వలీమాలో బిర్యానీ ఉడకకపోతే ఐస్‌క్రీమ్ ఏడు రకాలు పెట్టినా జనం ఇళ్లకు మోసుకెళ్లేది ఉడకని బిర్యానీ కబురే. ఈ రోజు ఖుష్ చేసిన కొసరు రేపు తప్పనిసరి అయిపోతుందని కూడా కానో నమూనా చెబుతుంది. ఒకప్పుడు హోటల్లో చల్లని నీళ్లిస్తే గొప్ప, ఇప్పుడు అడిగి మరీ తెప్పించుకుంటాం.

2010లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ముగ్గురు పరిశోధకులు ఇంకా సూటిగా రాశారు, గాహక్‌ను డిలైట్ చేసే ప్రయత్నం మానండి అని. కంపెనీల కస్టమర్ సర్వీసుతో పని పడ్డ 75 వేలకు పైగా మందిని అడిగి తేల్చిన మాట అది. అనుకున్నదానికి మించి ఇస్తే నమ్మకం పెరిగేది నామమాత్రమే. అతని సమస్యను అతన్ని తిప్పకుండా తీర్చడమే లెక్కలోకి వస్తుంది. మా ఫుఫ్పుకు కావలసింది ఖజూర్ కాదు, నడవాల్సిన దూరం తగ్గడం. ఇది తెలుసుకోవడానికి హార్వర్డ్ దాకా పోనక్కర్లేదు, కానీ మన వాళ్లు అక్కడి ముద్ర ఉంటేనే వింటారు కాబట్టి చెప్పాను.

తిప్పడం అంటే గుర్తొచ్చింది, ఆ బోర్డు. బిస్మిల్లా ఫ్రేము కింద, మక్కా మదీనా క్యాలెండర్ పక్కన, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును వెనక్కి తీసుకోననడం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు మీద గడువు రాయకపోతే 30 రోజుల దాకా బాధ్యత ఉంటుంది. చట్టాన్ని పక్కన పెట్టండి. మన ఫిఖాలో ఇకాలా అనే మాట ఉంది. కొన్నవాడికి మనసు మారి, సరుకులో ఏ ఐబూ లేకపోయినా, వాపసు తెస్తే తీసుకోవడం. అలా తీసుకున్నవాడి తప్పుల్ని అల్లా ఖియామత్ రోజున మాఫ్ చేస్తాడని హదీస్. ఖియామత్ నాటి మాఫీని ఇంత సులువుగా పెట్టినచోట మనం కౌంటర్ వెనక బోర్డు కొట్టి తలుపు మూశాం. ఆ బోర్డు పీకేయడానికి ఒక స్క్రూడ్రైవర్ చాలు. నిజమైన డిలైట్ కావాలనుకునేవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు కొసరు ఎవరి జేబులోంచి వస్తోందన్న సంగతి. పెద్దమ్మ ఇచ్చిన కొత్తిమీర ఆమెది, తన నఫాలోంచి తీసి ఇచ్చింది. ఈనాటి డిలైట్ మాలిక్ జేబులోంచి రావడం లేదు, మజ్దూర్ ఒంట్లోంచి వస్తోంది. రంజాన్ ఆఖరి అష్రాలో మదీనా బిల్డింగ్, పత్తర్‌గట్టీ వైపు సెహ్రీ దాకా దుకాణాలు తెరిచే ఉంటాయి. గాహక్‌కు ఎంత సహూలత్! ఆ కౌంటర్ వెనక రోజా ఉన్న పిల్లాడు మధ్యాహ్నం నుంచి నిలబడే ఉన్నాడు. చీరల దుకాణంలో అమ్మాయి యాభై చీరలు విప్పి, ఏదీ వద్దన్నాక, నవ్వుతూ మళ్లీ మడతపెడుతుంది. ఆ నవ్వు కూడా డ్యూటీలో భాగమే. పనివాళ్లకు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాల్సి వచ్చింది. స్టూలు వేయడానికి చట్టం కావాల్సి వచ్చిందంటే సిగ్గు ఎవరికో మీరే చెప్పండి. మజ్దూర్ చెమట ఆరకముందే కూలీ ఇమ్మన్న హదీసును మే డే నాడు వాట్సాప్‌లో పంపే సేఠ్‌లే పండక్కి పనిచేసిన పిల్లల జీతం పండగ తర్వాతి వారానికి వాయిదా వేస్తారు.

సంచుల కంపెనీల మాట సరేసరి. పది నిమిషాల్లో పాలు, పది నిమిషాల్లో అల్లం. రెండు వీధుల అవతల కిరాణా భాయి ఉండగా పది నిమిషాల్లో అల్లం రాకపోతే ఏ కయామత్ వస్తుందో నాకు తెలియదు. బండి మీద వస్తున్నది చాలాసార్లు మన మొహల్లా కుర్రాడే. అమెరికాలో డామినోస్ కంపెనీ అరగంటలో పిజ్జా అనే వాదాను 1993లో మానుకుంది, దాని డెలివరీ బండి ప్రమాదం కేసులో జ్యూరీ కోట్ల డాలర్ల పరిహారం వేశాక. గాహక్‌ను మురిపించడానికి పెట్టిన గడియారం రోడ్డు మీద ఎవరి ప్రాణం మీదికి వస్తుందో అప్పుడే తేలిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఇక్కడ అరగంటను పది నిమిషాలు చేసి తరక్కీ అంటున్నారు.

గాహకులుగా మనం మాసూములమా? ఈ జల్సాల్లో తప్పకుండా వినిపించే హదీస్ ఒకటుంది. తూచు, కాస్త మొగ్గేలా తూచు అని హుజూర్ చెప్పినది. దాన్ని దుకాణదారుకు చేసిన నసీహత్‌గా చెబుతారు. రివాయత్ పూర్తిగా చదవండి. సువైద్ బిన్ ఖైస్ రజియల్లాహు అన్హు, ఆయన సాథీ హజర్ నుంచి బట్టలు తెచ్చి అమ్ముతున్నారు. హుజూర్ వాళ్ల దగ్గర పైజామా బేరం చేసి కొన్నారు. అక్కడ కూలీకి తూచేవాడు ఒకడున్నాడు, అతనితో అన్నారు ఆ మాట. అంటే తూచినది ఖరీదు, వెండి. కొసరు ఇచ్చింది కొన్నవారు! హజ్రత్ జాబిర్ ఒంటెను కొన్నప్పుడూ అంతే. ఖరీదు మీద ఎక్కువిచ్చి, ఒంటెను కూడా ఆయనకే ఇచ్చేశారు. మనమేమో మాల్‌లో స్టిక్కర్ మీది ధర నోరెత్తకుండా కట్టి, బయట బండి మీద జామకాయలమ్మే ముసలమ్మ దగ్గర పది రూపాయలకు పది నిమిషాలు ఝగడా పెట్టుకుంటాం. మన భాయి దుకాణమైతే ఇంకో ముసీబత్, మనోడే కదా అని ఉధార్. ఆ ఉధార్ బక్రీద్ దాటి ముహర్రం దాటి మళ్లీ రంజాన్ దాకా సాగుతుంది. అతను వడ్డీ అడగలేడు, గట్టిగా అడిగితే రిష్తా పోతుంది. కుళ్లు సరుకు అంటగట్టే ఆశ అక్కడే పుడుతుంది. అది అతని తప్పుకు ఉజ్ర్ కాదు, కానీ నిప్పుకు ఎండుగడ్డి అందించింది మనం.

ఈ రాత చూసి కొందరు నారాజ్ అవుతారని తెలుసు. 2022లో పక్క కర్ణాటకలో జాతరల్లో మన వాళ్ల దుకాణాలు వద్దన్నారు, మన దగ్గర కొనొద్దని బహిరంగంగా పిలుపులు వస్తున్న జమానా ఇది, ఇలాంటప్పుడు మన తాజిర్ల పరువు నువ్వే తీస్తావా అంటారు. నిజమే, జమానా గడ్డుది. మన కాటా సరిగ్గా ఉంటే నఫ్రత్ తగ్గిపోతుందని నేను చెప్పను. నఫ్రత్ చేసేవాడు కాటా చూసి చేయడం లేదు. కానీ ఈ మోసాల్లో మోసపోతున్నది ఎవరు? ఉమ్రాకు వెళ్లేది మన ఫుఫ్పులే, చాంద్ రాత్ ఏడ్చేది మన పిల్లలే, సెహ్రీ దాకా నిలబడేది మన కుర్రాళ్లే. వాళ్ల నోరు నొక్కడానికి బయటివాళ్ల నఫ్రత్‌ను పరదాగా వాడుకోవడం నాకు నచ్చదు. పైగా, అన్ని అడ్డంకుల మధ్యా సాఫ్‌గా వ్యాపారం చేస్తున్న భాయిలు ఎందరో ఉన్నారు. కలేజీ పెట్టి నవ్వడం రాక, చర్బీ తీసేసి తూచి, అందుకు కిలోకు ఇరవై ఎక్కువ చెప్పి, గాహకులు లేక కూర్చున్నవాళ్లు. మనం వాళ్ల దుకాణం దాటుకుని డిలైట్ దుకాణానికి వెళుతున్నాం.

ఇమామ్ అబూ హనీఫా కూఫాలో బట్టల వ్యాపారి కూడా. ఆయన భాగస్వామి ఒకసారి ఐబ్ ఉన్న బట్టను ఆ సంగతి చెప్పకుండా అమ్మేశాడట. కొన్నదెవరో గుర్తులేదన్నాడు. ఆ బట్టల మీద వచ్చిన మొత్తాన్ని ఇమామ్ సాహెబ్ సద్ఖా చేసేశారని తజ్కిరాలు చెబుతాయి. కొన్నవాడికి డిస్కౌంట్ కూపన్ పంపలేదు.

చదివేవాళ్లు చేయగలిగినవి చేయండి. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఈ ఏడాదిదో కాదో చూడండి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా వేయించాలి. మిఠాయి డబ్బా తీసి తూచమనండి. వాపసు రాకపోతే 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, ఉచితం. మన భాయి మీద ఫిర్యాదా అని ఝిఝక్ వద్దు, ముందు అతనికే ఒకసారి చెప్పి చూడండి. ఉమ్రాకు డబ్బు కట్టేముందు రసీదు మీద మూడు రాయించుకోండి. మక్కాలో హోటల్ పేరు, హరమ్ గేటు నుంచి ఎన్ని మీటర్లో, గదికి ఎంతమందో. రాయడానికేం లేమ్మా, నమ్మకం లేదా అంటాడు. రాయనంటే, బల్ల మీద పెట్టిన ఆ కొత్త బ్యాగు ముట్టుకోకుండా సలాం చెప్పి లేచి వచ్చేయండి.